తప్పు నాది

(శతవత్సర ఉత్సవముల రెండవ దినమున మధ్యాహ్న కూటములో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "క్షమాపణ". కార్యదర్శిగారి ఉత్తరములో ఆ ఒక్క మాటే వున్నది. క్షమాపణ చెప్పడమా, క్షమించడమా అని అడిగాను. "మీ ఇష్టం మాష్టారూ" అన్నారు. క్షమించడమును గురించి మనము చాలా విన్నాము. ఎన్ని మారులు క్షమించాలో ఆదివారపు బడి పిల్లవాడు కూడా లెక్క చెప్పగలడు. తప్పు చేసినవాడు ఎట్లా అడగాలి అన్నది మాత్రము, ఈ డెబ్బై యేళ్ళలో నేను రెండు మూడు ప్రసంగాలకు మించి వినలేదు. కనుక ఆ వైపే మాట్లాడతాను. మధ్యాహ్నపు భోజనమైన తరువాత కూటము గనుక, కళ్ళు మూతపడినవారిని నేను తప్పు పట్టను.

తెలుగువారికి క్షమాపణ చెప్పడము రాదనీ, "సారీ" అనే మాట తెల్లవారు వచ్చి నేర్పారనీ కొందరంటారు. నేను ఒప్పుకోను. పొరపాటున కాలు తగిలితే ఆ మనిషిని తాకి కళ్ళకు అద్దుకుంటాము. పుస్తకానికి తగిలినా అంతే. లెంపలు వేసుకుంటాము, గుంజీళ్ళు తీస్తాము, "ఏమనుకోకండి" అంటాము, "తప్పయిపోయింది" అంటాము. మన దగ్గర లేనిదేమీ లేదు. అయితే వీటిని వరుసగా పెట్టి చూడండి. కాలు తగిలినప్పటిది విడిచిపెడితే, మిగిలినవన్నీ దాదాపుగా క్రిందివాడు పైవాడికి చేసేవే. చిన్నవాడు పెద్దవాడికి, కోడలు అత్తకు, విద్యార్థి ఉపాధ్యాయుడికి, పాలేరు ఆసామికి. తండ్రి కొడుకు యెదుట లెంపలు వేసుకోవడము మీలో ఎవరైనా చూశారా? భర్త భార్యతో "తప్పు నాది" అనడము విన్నారా? మా ఇంట్లో నేను వినలేదు. అనవలసినవాణ్ణి నేనే గనుక ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఇంకొకటి. "తప్పయిపోయింది" అనే మాటను కొంచెము పట్టి చూడండి. అందులో తప్పు వున్నది గాని, చేసినవాడు లేడు. పొయ్యి మీద పాలు పొంగిపోయినట్లు తప్పు దానంతట అదే అయిపోయింది! "తప్పు చేశాను" అంటే వేరు. ఆ ఒక్క "ను" దగ్గరికి వచ్చేసరికి నాలుక మడతపడుతుంది.

అట్లా మడతపడడానికి మనకు ఒక కారణము వున్నది. దానిని పైపైన దాటిపోకూడదు. ఈ పందిట్లో కూర్చున్న మనలో చాలామంది తాతలు, ముత్తాతలు ఊరి చివర గుడిసెల్లో పుట్టినవారు. వారు రచ్చబండ దగ్గర నిలబడి, తాము చేయని తప్పులకు "తప్పయిపోయిందయ్యా, మీ కాళ్ళకు దండం పెడతాను" అన్నవారు. దొరగారి చేలో గొడ్డు పడితే తప్పు, ఎదురుగా చెప్పులు వేసుకుంటే తప్పు, బిడ్డను బడికి పంపితే తప్పు. మా తాత ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో! ఆయన కొడుకు, అంటే మా నాయన, చదువుకొని ఉపదేశకుడై, "ఇక మన ఇంట్లో ఎవడూ ఎవడి కాళ్ళ మీదా పడకూడదు" అన్నాడు. మంచి మాటే. కాని ఆ మాటను నేను ఎట్లా అర్థము చేసుకున్నానో చెబుతాను. నేను ఎవరికీ తప్పు ఒప్పుకోను, ఇకమీదట ఒప్పించే చోట నేను కూర్చుంటాను. అదీ నాకు అర్థమైనది.

1979వ సంవత్సరములో నేను ఒక ఊళ్ళో హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. బడి పేరు అనవసరము. పదవ తరగతి పిల్లల పరీక్ష ఫీజు వసూలు నా బాధ్యత. ఒకనాడు లెక్క చూస్తే నలభై రూపాయలు తక్కువ వచ్చినవి. ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. నా గది ఊడ్చి, కుండలో నీళ్ళు పోసే కుర్రవాడొకడు వుండేవాడు. ఎనిమిదవ తరగతి, పదమూడేళ్ళవాడు, కూలి చేసుకొనే తల్లికి ఒక్కడే కొడుకు. వాడు తప్ప గదిలోకి ఎవరూ రాలేదు గనుక వాడే తీశాడని నేను నిర్ణయించాను. మరునాడు ఉదయము ప్రార్థన వరుసలో మూడు వందలమంది ముందర వాడిని నిలబెట్టాను. "నేను తియ్యలేదండీ" అన్నాడు. బెత్తము వున్నది గదా. మూడవ దెబ్బకు కూడా అదే మాట. గుంజీళ్ళు తీయించాను. ఎన్నో గుంజీ దగ్గరో వాడు ఆగి, "తప్పయిపోయిందండి" అన్నాడు.

మా తాత అన్న మాటే అది. నేను గుర్తుపట్టలేదు.

సాయంకాలము వాడి తల్లి వచ్చింది. నా యెదుటే వాడిని మళ్ళీ కొట్టింది. "బుద్ధి చెప్పారు మాష్టారూ, మంచిపని చేశారు" అని నాకు దండము పెట్టి పోయింది. నలభై రూపాయలు నా జీతములో నుండి కట్టాను. అందుకు నన్ను నలుగురూ మెచ్చుకున్నారు కూడా.

ఎనిమిది రోజుల తరువాత గృహ కూటమునకు పోయి కీర్తనల పుస్తకము తెరిచాను. నాలుగు పది రూపాయల నోట్లు మడత పెట్టి అందులో వున్నవి. ఆ మునుపటి వారము నేనే పెట్టుకొని మరిచిపోయాను.

అప్పుడు నేనేమి చేశాను? వాడిని గదికి పిలిచాను. "డబ్బు దొరికిందిలేరా, ఇక పో" అని రెండు రూపాయలు చేతిలో పెట్టాను. వాడు తీసుకున్నాడు. ఏమీ అనలేదు. మరునాటి ప్రార్థన వరుసలో ఆ మాట చెప్పాలని అనుకున్నాను, ఇన్‌స్పెక్షను వున్నదని వాయిదా వేశాను. ఆ తరువాత సంక్రాంతి సెలవులు వచ్చినవి. సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. వున్నన్నాళ్ళూ పిల్లలు వాడిని "ఫీజుదొంగ" అని పిలిచారు. నేను విన్నాను. మందలించాను గాని, ఎందుకు మందలిస్తున్నానో చెప్పలేదు.

2008లో నేను పదవీ విరమణ చేశాను. పని లేనప్పుడు పాత సంగతులు తలుపు తడతవి. మా ఇంట్లో ఆవిడకు ఈ సంగతి ఎప్పుడో చెప్పి వున్నాను. ఆవిడే ఒకరోజు, "ఎన్నాళ్ళు చెప్పుకుంటారు నాకు? చెప్పవలసింది నాకు కాదు గదా" అన్నది. 2011లో అతని ఆచూకీ తెలిసింది. ఇక్కడికి ముప్పై మైళ్ళ దూరములో మోటార్ల వైండింగు దుకాణము పెట్టుకొని వున్నాడు. బస్సెక్కి పోయాను. గుర్తుపట్టి స్టూలు వేశాడు. నేనన్నాను: "అబ్బాయ్, ఆ రోజుల్లో నేను కుర్రతనములో వున్నాను. పైనుంచి ఒత్తిడి వుండేది. డబ్బు లెక్క తేలకపోతే ఉద్యోగము పోయేది. నీ మనసుకేమైనా కష్టము కలిగి వుంటే, అదంతా మనసులో పెట్టుకోకు." అతను "పర్వాలేదు మాష్టారూ, టీ తాగుతారా" అన్నాడు. టీ తాగాను. ముప్పై రెండేళ్ళ బరువు దిగినదనుకొని, బస్సులో నిద్రపోయాను కూడా.

ఇంటికి రాగానే ఆవిడ అడిగింది: "అసలేమన్నారు మీరు?" చెప్పాను. "మరి, నువ్వు దొంగవు కాదురా, డబ్బు నా పుస్తకములోనే వున్నది అని అన్నారా?"

అనలేదు.

ప్రియులారా, అప్పుడు నేను మొదటి సమూయేలు గ్రంథము పదిహేనవ అధ్యాయము తీసి చూశాను. సౌలు కూడా తప్పు ఒప్పుకున్నాడు. మొదట తప్పే లేదన్నాడు. తరువాత జనులు చేశారన్నాడు. తరువాత జనులకు భయపడి చేశానన్నాడు. చివరకు పాపము చేశానని అన్నాడు గాని, అదే ఊపిరిలో, పెద్దల యెదుట నా గౌరవము నిలబెట్టుమని సమూయేలును వేడుకున్నాడు. చూడండి, ఒప్పుకోలు పూర్తికాకముందే పరువు సంగతి వచ్చింది. నా బస్సు ప్రయాణము అటువంటిదే. కుర్రతనము, ఒత్తిడి, ఉద్యోగము: ఇవన్నీ నా సాక్షులు. "కష్టము కలిగి వుంటే" అన్నాను. ఆ "వుంటే" ఎంత మోసపు మాట! మూడు వందలమంది ముందర బెత్తపు దెబ్బలు తిన్నవాడికి కష్టము కలిగిందో లేదో నాకు తెలియదన్నమాట! "మనసులో పెట్టుకోకు" అని చివరకు అతనికే ఒక పని అప్పగించి వచ్చాను.

పత్రికలు చదివేవారికి ఈ తేడా తెలుసు. "విచారము వ్యక్తము చేశారు" అని ఒకటి వ్రాస్తారు, "క్షమాపణ చెప్పారు" అని ఇంకొకటి వ్రాస్తారు. జలియన్‌వాలా బాగ్ కాల్పులు 1919 ఏప్రిల్ 13న జరిగినవి. చనిపోయినవారు 379 మంది అని ప్రభుత్వపు లెక్క, అసలు సంఖ్య అంతకంటె ఎక్కువని మనవారి మాట. నూరేళ్ళు నిండిన 2019లో బ్రిటిషు ప్రధానమంత్రి తమ పార్లమెంటులో గాఢమైన విచారము తెలిపారు. అక్కడితో ఆగారు. అదే సంవత్సరము సెప్టెంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగారు అమృతసరు వచ్చి, ఆ స్థలములో నేల మీద బోర్ల పడుకున్నారు. ప్రభుత్వము తరపున మాట్లాడే అధికారము తనకు లేదనీ, ఒక మతపెద్దగా సిగ్గుపడుతున్నాననీ అన్నారు. ఆ ఒక్క పనితో చనిపోయినవారికి న్యాయము జరిగినదని నేను అనను. కాని పైవాడు క్రిందపడడము మన కళ్ళతో చూశాము. మన దేశములో అది ఎప్పుడూ చూసే దృశ్యము కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రము కెనడా దేశపు సంఘము చేసిన పని. అక్కడ ప్రభుత్వము డబ్బు పెట్టగా, సంఘములు ఆదివాసి బిడ్డల కోసము బోర్డింగు బడులు నడిపినవి. బోర్డింగు అనగానే మనలో చాలామందికి అన్నము, చదువు, దొరసానమ్మగారు జ్ఞాపకము వస్తారు. మన తల్లిదండ్రులు బ్రతిమాలి మనలను చేర్పించారు. అక్కడ అట్లా కాదు. బిడ్డలను చట్టము చూపించి తీసుకొనిపోయారు, తల్లి భాష మాట్లాడితే శిక్షించారు. 1981లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడాలోని ఆదివాసి సభ్యురాలు ఒకామె సంఘ నాయకుల సమావేశములో లేచి, ఈ సంఘము మాకు క్షమాపణ చెప్పవలసి వున్నది అన్నది. అయిదేళ్ళు పట్టింది. 1986 ఆగస్టులో సడ్బరీ అనే పట్టణములో ఆ సంఘపు మోడరేటరు ఆదివాసి పెద్దల యెదుట నిలిచి క్షమాపణ చెప్పారు. మా నాగరికతనే సువార్త అని భ్రమపడి మీ మీద రుద్దాము అని ఒప్పుకున్నారు.

అప్పుడు ఆ పెద్దలేమి చేశారంటే, "క్షమించాము" అనలేదు. రెండేళ్ళు ఆలోచించుకొని, 1988లో జవాబు చెప్పారు: మీ మాట మాకు అందినది, అది మాటగా మిగిలిపోక క్రియలలో కనబడుతుందని ఆశిస్తున్నాము అని. సడ్బరీలో ఆ క్షమాపణకు జ్ఞాపకార్థముగా రాళ్ళు పేర్చి ఒక గుర్తు కట్టారు. దానిని కావాలనే పూర్తిచేయకుండా విడిచిపెట్టారు. 1998లో ఆ సంఘము మరల క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఎందుకంటే, 1986 నాటి మాటలలో ఆ బోర్డింగు బడుల ఊసే లేదు. అందరికీ తెలిసిన గాయము పేరు మొదటిసారి ఎవరి నోటా రాలేదు. రెండవసారి వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు ఒక రకముగా ధైర్యము కలిగింది. అంత పెద్ద సంఘమే రెండుసార్లు పోవలసి వచ్చిందంటే, నేను ఇంకొకసారి బస్సెక్కితే తప్పేమి?

ఎక్కాను. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. బస్సులో పన్నెండుసార్లు వల్లించుకున్న మాటలే చెప్పాను. తప్పిపోయిన కుమారుడు కూడా తండ్రితో ఏమి చెప్పాలో పందుల దగ్గరే అనుకొని బయలుదేరాడు గదా, అందువలన వల్లించుకోవడము వేషము కాదు. "నువ్వు డబ్బు తియ్యలేదు. డబ్బు నా పుస్తకములోనే వున్నది, నేనే పెట్టి మరిచాను. చెయ్యని తప్పు అందరి ముందర నీతో ఒప్పించాను. కొట్టాను. దొరికిన తరువాత కూడా అందరి ముందర చెప్పలేదు. తప్పు నాది." అంతే. నన్ను క్షమించు అని కూడా అడగలేదు. అడిగితే, మాష్టారు గనుక, టీ ఇచ్చినట్లే అదీ ఇచ్చి పంపేవాడు.

అతను చేతిలో రాగి తీగె చుట్టుకుంటున్నాడు. చుట్టడము ఆపలేదు. చాలాసేపటికి అన్నాడు: "మా అమ్మ వుండగా వచ్చి ఈ మాట అని వుంటే బాగుండేది మాష్టారూ. నేను తీశాననే అనుకొని పోయింది."

నేనేమి చెప్పను దానికి? ఆమె 2004లో పోయింది. నేను మొదటిసారి బస్సెక్కినది 2011లో. సహోదరులారా, మీలో ఎవరికైనా ఇటువంటి బాకీ వుంటే, దయచేసి లెక్క వేసుకోండి. బాకీ మనిషికి మాత్రమే కాదు, ఆ మనిషిని చూచి తల వంచుకున్న ప్రతివారికీ. వారిలో కొందరు మన కోసము ఆగరు.

"నేను చేయగలిగినదేమైనా వున్నదా" అని అడిగాను. "ఆ రోజు వరుసలో నిలబడ్డవాళ్ళకు చెప్పండి" అన్నాడు.

జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. డబ్బు తీసుకున్నవాడికి లెక్క సులభము. పేరు తీసుకున్నవాడు నాలుగంతలు ఎట్లా ఇస్తాడు? ఆ మరుసటి సంవత్సరము ఆ బడి పూర్వ విద్యార్థుల కూటము జరిగింది. నాకు దండ వేసి, శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, 1979లో ఫలానా రోజున అని మొదలుపెట్టి, అతని పేరుతో సహా అంతా చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. వెనుక వరుసలో నుండి ఒకాయన, "ఇప్పుడెందుకు మాష్టారూ ఇవన్నీ" అన్నాడు. మూడు వందలమందిలో అక్కడ వున్నది నలభైమంది. అతను రాలేదు. రమ్మని నేను పిలిచాను గాని, అతనికి పని వున్నదట.

ఇక మన సంగతి. 1950లో మన దక్షిణ ఇండియా సంఘము ప్రభు భోజన ఆరాధన క్రమము కూర్చినప్పుడు, కానుకకు ముందుగా సమాధానము ఇచ్చిపుచ్చుకొనడము పెట్టారు. చేతులలో చేతులు పెట్టి ఒకరి నుండి ఒకరికి. మత్తయి అయిదవ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమమే ఇది: కానుక బలిపీఠము దగ్గర విడిచి, మొదట పోయి సమాధానపడు. ఆ మాటను జాగ్రత్తగా చదవండి. నీకు అతని మీద కోపము వుంటే అని లేదు. అతనికి నీ మీద ఏదైనా వుంటే అని వున్నది. అంటే నడవవలసినది నేను. మరి మన సంఘములలో ఏమి జరుగుతున్నది? సమాధానము ఇచ్చే వేళకు పక్కన ఎవరుంటారో ముందే చూచుకొని బల్ల ఎంచుకొనేవారు నాకు తెలుసు. కమిటీ ఎన్నికలైన మరుసటి ఆదివారము మా గుడిలో కుడివైపు బల్లలన్నీ ఒక పక్షము, ఎడమవైపు బల్లలన్నీ ఒక పక్షము. మధ్యలో వున్న దారి యెర్రసముద్రమే అనుకోండి. సమాధానము రెండువైపులా చక్కగా తిరుగుతుంది, దారి మాత్రము దాటదు!

పెద్దలకు ఒక మనవి. మీ పిల్లలతో ఒకసారి ఆ మాట అని చూడండి. గౌరవము పోతుందని నేను కూడా భయపడ్డాను. మా రెండవ అమ్మాయికి నలభై యేళ్ళు వచ్చిన తరువాత, దాని చదువు మధ్యలో మాన్పించినందుకు "తప్పు నాదమ్మా" అన్నాను. అది వెంటనే కరగలేదు. నన్ను చూచి, "ఇంకొకసారి చెప్పు నాన్నా" అన్నది. చెప్పాను.

అతనితో నా సంగతి ఎక్కడిదాకా వచ్చినదని కొందరు అడుగుతారు. నన్ను క్షమించానని అతను ఇంతవరకు అనలేదు. నేను అడగలేదు. నిరుడు వేసవిలో మా బోరు మోటారు కాలిపోయింది. ఊళ్ళో నాలుగు దుకాణములున్నా, ఆటోలో వేసుకొని అతని దగ్గరికే తీసుకొనిపోయాను. రెండు రోజులలో చుట్టి ఇచ్చాడు. మాష్టారని తగ్గించకుండా డబ్బు పూర్తిగా తీసుకున్నాడు. రసీదు వ్రాసి ఇచ్చి, "ఆరు నెలల లోపల మళ్ళీ కాలితే తీసుకురండి, నేను చూస్తాను" అన్నాడు.